కుందేలు ఒంటి మీద గడ్డ: కత్తి కన్నా ముందు సూది

కుందేలును ఒళ్లో పెట్టుకొని నిమురుతుంటే మెడ కిందో భుజం మీదో రేగుపండంత గడ్డ వేలికి తగులుతుంది. రెండు వేళ్ల మధ్య పట్టి పిండి చూడాలనిపిస్తుంది. పిండొద్దు. కాల్చిన సూదితో గుచ్చొద్దు, పసుపూ సున్నం కలిపి పట్టు వేయొద్దు. అది చీము గడ్డయితే పిండినప్పుడు దాని సంచి లోపలే పగిలి చీము పక్క కండలోకి దిగుతుంది. కంతి (ట్యూమర్) అయితే లోపల నెత్తురు చిమ్మి చుట్టూ వాస్తుంది. కంతి ఎక్కడిదాకా ఉందో, మంచి కండ ఎక్కడ మొదలైందో తర్వాత కోసేవాళ్లకు తెలియకుండా పోతుంది. ఇక సున్నానికి కుందేలు తోలు తాళదు. అది ఎంత పలచనంటే బొచ్చు గొరిగేటప్పుడే చిరిగిపోతుంటుంది.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు పశువుల దవాఖానలకు రోజూ వచ్చేవి గొర్రెలు, మేకలు, బర్రెలు, ఎడ్లు. కుందేలు ఎప్పుడో ఒకటి వస్తుంది. చిక్కంతా అక్కడే. తోలు మీది చిన్న కంతిని తీయడం చేయి తిరిగిన డాక్టరుకు పెద్ద పని కాదు. కుందేలు ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఆ కోత కాదు, మేకకో కుక్కకో చేసే అలవాటు కొద్దీ దీనికీ చేసే పనులు: ముందురోజు నుంచి కడుపు మాడ్చడం, నోటి ద్వారా పెన్సిలిన్ జాతి మందు పోయడం, క్యాట్‌గట్ అనే పేగు దారంతో కుట్టడం, మెడకు ప్లాస్టిక్ కాలరు తొడగడం. కుందేలును పెంచుకునేవాళ్లకు ఈ సంగతులు తెలిసి ఉంటే డాక్టరుతో కలిసి ఆలోచించవచ్చు. అందుకే ఇంత వివరంగా రాయడం.

ఇక్కడ చెప్పేదంతా ఇంట్లో పెంచే కుందేలు గురించే. నల్లమల అంచు ఊళ్లలో పొలాల్లో దొరికే చెవులపిల్లి వేరే జాతి. దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. గాయంతో దొరికితే అటవీ శాఖకు అప్పగించాలే తప్ప ఇంట్లో పెంచకూడదు.

గడ్డలన్నీ కంతులు కావు

కుందేలు ఒంటి మీద గడ్డ కనిపిస్తే మొదట అనుమానించాల్సింది చీము గడ్డనే. మనుషుల్లో చీము కారిపోతుంది. కుందేలు చీము కారదు. దాని తెల్ల రక్తకణాల్లో చీమును కరిగించే ఎంజైములు తక్కువ కాబట్టి అది జున్నులా గట్టిపడి, చుట్టూ మందపాటి సంచి కట్టుకుంటుంది. చేతికి చల్లగా, గట్టిగా, నొప్పి లేనట్టుగా తగులుతుంది. అచ్చం కంతిలాగే ఉంటుంది. చిన్న గాటు పెట్టి పిండి వదిలేస్తే మళ్లీ నిండుతుంది. సంచితో సహా కంతిని తీసినట్టే మొత్తంగా తీయాలి. సూక్ష్మజీవుల పరీక్షకు పంపాల్సి వస్తే నడుమనున్న చీము పంపి లాభం లేదు, అందులో తరచూ ఏమీ పెరగదు. సంచి గోడ ముక్కను పంపాలి.

దవడ కింద గడ్డయితే ముందు నోరు తెరిపించి దవడ పళ్లు చూడాలి. కుందేలు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి తక్కువ, గింజలూ చపాతీలూ ఎక్కువ పెడితే అరగక వేర్లు కిందికి దిగి అక్కడే చీము పడుతుంది. పైన తోలు ఎన్నిసార్లు కోసినా పన్ను సంగతి చూడకపోతే అది తగ్గదు. ముక్కు మీద, చెవి అంచున, కాలి వేళ్ల దగ్గర తెల్లటి పొక్కులు పేరుకుంటే అది చాలాసార్లు గజ్జి. చర్మాన్ని గీకి తీసిన పొట్టును మైక్రోస్కోపు కింద చూస్తే పురుగు కనబడుతుంది. ఊరకుక్కలు తిరిగే చోట కోసిన గడ్డితో కుక్క బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే, తోలు కింద నీటి బుడగలాంటి తిత్తి లేచే అవకాశమూ ఉంది.

ఇవన్నీ కావని తేలాక కంతుల లెక్క. పెంపుడు కుందేళ్ల తోలు మీద ఎక్కువగా వచ్చేది ట్రైకోబ్లాస్టోమా. పాత పుస్తకాల్లో దీన్ని బేసల్ సెల్ ట్యూమర్ అనేవారు. బొచ్చు ఊడిపోయి, గుండ్రంగా, బొడిపెలా ఉంటుంది. తోలుతో పాటే అటూ ఇటూ కదులుతుంది, కింది కండకు అంటుకోదు. నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. మొత్తంగా తీసేస్తే పీడ పోయినట్టే. లావెక్కిన కుందేలుకు మెత్తటి కొవ్వు గడ్డ రావచ్చు. ఎదిగిన మగ కుందేలు తోలులో గట్టిగా, చిన్నగా, ఒకటికి నాలుగు బొడిపెలు కనబడితే కొలాజెన్ హమార్టోమా కావచ్చు. ఇదీ ప్రాణాపాయం లేనిదే.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. చెవి అంచున, ముక్కు దగ్గర, పాదం మీద పుండై మానకుండా, చెక్కు కడుతూ, తాకితే నెత్తురు కారుతుంటే స్క్వామస్ సెల్ కార్సినోమా. చెవి, కనురెప్ప, వృషణాల సంచి మీద నల్లటి గడ్డ త్వరత్వరగా పెరుగుతుంటే మెలనోమా. కుందేళ్లలో ఇది ఊపిరితిత్తులకు పాకే రకం. కింది కండకు అతుక్కుపోయి, కదిలిస్తే కదలకుండా, వారాల్లో రెట్టింపయ్యే గట్టి గడ్డ ఫైబ్రోసార్కోమా కావచ్చు. కావచ్చు అనే రాస్తున్నాను, ఎందుకంటే కంటితో, వేలితో చెప్పే జవాబు అనుమానమే. మెత్తగా కదిలే గడ్డ మంచిదనీ నల్లగా ఉన్నది చెడ్డదనీ అక్కడికక్కడే తేల్చేసేవాళ్ల మాట నమ్మొద్దు.

దవాఖానకు పోయేలోపు మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది. గడ్డ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, తేదీ రాయండి. అదే రోజు కుందేలు బరువు తూచండి. వారానికోసారి ఇదే చేస్తే, పెరుగుతున్న వేగం డాక్టరుకు మీ జ్ఞాపకం కన్నా నమ్మకంగా తెలుస్తుంది.

సూది పరీక్ష

23 లేదా 24 గేజ్ సూది, 5 మి.లీ. సిరంజి, నాలుగైదు గాజు స్లైడ్లు. కావాల్సింది ఇంతే. మత్తు అవసరం లేదు. ఒకరు కుందేలును టవల్లో చుట్టి, వెనక కాళ్ల కింద చేయి ఆనించి పట్టుకోవాలి. ఈ పట్టు చాలా ముఖ్యం. కుందేలు ఎముకలు దాని బరువులో సుమారు 8 శాతమే, కాళ్ల కండ మాత్రం చాలా బలమైనది. వెనక భాగాన్ని గాల్లో వదిలేస్తే అది తన్నిన ఒక్క తన్నుకు దాని నడుమే విరిగిపోతుంది.

సూదిని గడ్డలో గుచ్చి రెండు మూడు దిక్కులకు తిప్పుతూ లాగాలి. సూది బయటికి తీసేముందు సిరంజి లాగుడు వదలాలి, లేకపోతే వచ్చిన కాస్త సరుకూ సిరంజిలోకి పోయి స్లైడ్ మీదికి రాదు. ఏమీ రాకపోతే చీము మరీ గట్టిదై ఉండవచ్చు, అప్పుడు 18 గేజ్ లావు సూదితో మళ్లీ చూడాలి. స్లైడ్ మీద పరిచి, గాలికి ఆరనిచ్చి, లీష్‌మన్ లేదా గీమ్సా రంగు వేస్తారు.

ఇక్కడ రెండు తప్పులు మళ్లీ మళ్లీ జరుగుతాయి. ఒకటి: కుందేలు చీము కణాల్లో ఎర్రటి రేణువులుంటాయి, వాటిని హెటెరోఫిల్స్ అంటారు. మనుషుల ల్యాబులో చూసేవాళ్లు వాటిని ఇయోసినోఫిల్స్ అనుకొని ఎలర్జీ అని రాసే ప్రమాదముంది. స్లైడ్ ఇచ్చేటప్పుడు ఇది కుందేలుదని చీటీ మీద పెద్దగా రాయాలి. రెండోది: కోసిన ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసానూ స్లైడ్లనూ ఒకే డబ్బాలో పెట్టి పంపడం. ఫార్మలిన్ ఆవిరి తగిలితే స్లైడ్ రంగు పట్టదు, పడ్డ శ్రమంతా వృథా. వేర్వేరు సంచుల్లో పంపాలి.

చీము, కొవ్వు, ట్రైకోబ్లాస్టోమా కణాలు సూదితో చాలావరకు తెలిసిపోతాయి. చిన్న చిన్న కణాలు ఒకే తీరుగా గుంపులు కట్టి, వరసలుగా కనిపిస్తే ట్రైకోబ్లాస్టోమా వైపే మొగ్గుతారు. ఫైబ్రోసార్కోమా లాంటివి కణాలు సరిగ్గా వదలవు. అప్పుడు చిన్న ముక్క కోసి బయాప్సీకి పంపాలి. ఆ ముక్క తీసే గాటు, రేపు పెద్ద ఆపరేషన్‌లో కోసేసే జాగాలోనే పడాలి. పక్కకు పడితే కంతి కణాలు కొత్త చోటికి చేరతాయి. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే ఉండి, చుట్టూ వదులు తోలు ఉంటే ముక్క తీయడం అనవసరం. మొత్తంగా తీసి అదే పరీక్షకు పంపడం మేలు.

బల్ల ఎక్కించే ముందు

నాలుగేళ్లు దాటిన, గర్భసంచి తీయని ఆడ కుందేలయితే తోలు గడ్డను చూసి ఊరుకోవద్దు. కొన్ని జాతుల్లో ఆ వయసు ఆడవాటిలో సగానికి మించి గర్భసంచి క్యాన్సర్ కనబడుతుంది, అది ఊపిరితిత్తులకు పాకుతుంది. పాలరొమ్ముల వరసలో గడ్డ ఉన్నప్పుడు కడుపు స్కానింగ్ తప్పనిసరి అనే నా అభిప్రాయం. అనుమానం చెడ్డ కంతి మీదుంటే ఛాతీకి ఎడమ, కుడి, పై నుంచి మూడు ఎక్స్‌రేలు తీయాలి. ఒక్క పక్క నుంచే తీస్తే కిందికి ఒత్తుకుపోయిన ఊపిరితిత్తిలోని చిన్న మచ్చలు కనబడవు. ఊపిరితిత్తుల్లో మచ్చలు తేలితే తోలు మీది కంతి తీసి కుందేలును కష్టపెట్టడంలో అర్థం లేదు. నొప్పి తగ్గించే మందుతో, అది తింటున్నన్నాళ్లు హాయిగా ఉంచడమే చేయగలిగిన పని.

తొందర లేని కంతి అయితే కాలం చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల ఎండ మన దగ్గర ఎలా ఉంటుందో తెలిసిందే. 30 డిగ్రీలు దాటితే చాలు, కుందేలుకు ఇబ్బంది మొదలవుతుంది. మిరుగు దాటాక చల్లబడుతుంది గానీ ఈగలు ముసురుతాయి. దసరా తర్వాత నుంచి శివరాత్రి దాకా అన్నింటికన్నా మంచి కాలం. పుండు పడ్డ కంతికీ, వేగంగా పెరిగేదానికీ మాత్రం ఈ లెక్క వర్తించదు.

ఇప్పుడు ఉపవాసం మాట. కుక్కను రాత్రి నుంచి పస్తుంచడం మత్తులో వాంతి చేసుకొని ఊపిరాడక పోతుందని. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని పొట్ట కట్టుబడే అలాంటిది. పైగా దాని పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. ఎనిమిది, పది గంటలు ఖాళీగా ఉంచితే పేగు ఆగుతుంది, గ్యాసు నిండుతుంది, కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. నోట్లో గడ్డి ముక్కలు లేకుండా ఉండడానికి గంట, మహా అయితే రెండు గంటల ముందు మేత తీసేస్తే చాలు. దవాఖానకు తెచ్చేటప్పుడు అది రోజూ తినే గరికను సంచిలో వెంట తేవాలి. ఆ గరిక పత్తి చేను గట్ల మీద కోసింది కాకూడదు, అక్కడ పురుగుమందు పడి ఉంటుంది.

మత్తు విషయంలో భయం నిజమైనదే. బ్రిటన్‌లో 8,209 కుందేళ్ల మీద లెక్క తీసి 2008లో ప్రకటించిన అధ్యయనంలో మత్తు చుట్టూ జరిగిన మరణాలు 1.39 శాతం. కుక్కల్లో అవే 0.17, పిల్లుల్లో 0.24. ఆరోగ్యంగా ఉన్న కుందేళ్లలో 0.73. చనిపోయిన కుందేళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఆపరేషన్ అయిపోయాకే పోయాయి. అంటే కుట్లు పడ్డాయి కదా అని ఊపిరి పీల్చుకునే సమయమే గండం.

పాత పుస్తకాల్లో మత్తుకు కిలో బరువుకు కెటమిన్ 35 మి.గ్రా., జైలజిన్ 5 మి.గ్రా. అని ఉంటుంది. ముసలిదానికీ, నీరసించినదానికీ అంత మోతాదు బరువు. మగత కలిగించే మిడజోలం, నొప్పి మందు ముందుగా ఇచ్చి కెటమిన్, జైలజిన్‌లను తగ్గించడం, ఐసోఫ్లూరేన్ గ్యాసు దొరికే చోట దాని మీద ఆధారపడడం మేలు. గ్యాసు మాస్కు ఒక్కసారిగా ముక్కుకు పెడితే కుందేలు ఊపిరి బిగబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది. కాబట్టి ముందు సూది మందుతో మగతలోకి దించాలి. గుండె నెమ్మదిస్తే ఇచ్చే అట్రోపిన్‌ను విరిచేసే ఎంజైము చాలా కుందేళ్ల నెత్తుట్లో ఉంటుంది, వాటికి గ్లైకోపైరొలేట్ వాడాలి. ఇవన్నీ డాక్టరు చేతిలోని పనులే. మీ వంతు మాత్రం కుందేలు బరువును గ్రాముల్లో కచ్చితంగా చెప్పడం, అది ముందు వాడిన మందుల చీటీలు చూపడం.

రెండు కిలోల కుందేలు లెక్క ఒకటి చూడండి. దాని ఒంట్లోని నెత్తురు మొత్తం 110 నుంచి 120 మి.లీ. అందులో పదో వంతు 11, 12 మి.లీ. గాజుగుడ్డ ముక్క ఒకటి పూర్తిగా తడిస్తే దాదాపు అంతే పడుతుంది. రెండో ముక్క తడుస్తుంటే ప్రమాదం దగ్గర పడ్డట్టే. కోసే చోట తిమ్మిరికి 2 శాతం లిగ్నోకెయిన్ ఇస్తే కిలోకు 4 మి.గ్రా. మించకూడదు. అంటే మొత్తం 8 మి.గ్రా., సిరంజిలో 0.4 మి.లీ. గొర్రెకు ఇచ్చే చేయి అలవాటుగా 2 మి.లీ. లాగితే అయిదు రెట్లు పోతుంది. చాలలేదనిపిస్తే సెలైన్‌తో పలచన చేసి పరచాలి, మందు పెంచకూడదు.

కోత

బొచ్చు గొరిగేటప్పుడు తోలును సాగదీసి పట్టుకొని సన్న బ్లేడుతో నిదానంగా చేయాలి. కావాల్సినంత మేరకే గొరగాలి, ఎక్కువ బోడి చేస్తే ఒళ్లు చల్లబడుతుంది. స్పిరిట్ దండిగా పోయడమూ అంతే. కుందేలు ఒంటి వేడి 38.5 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. కింద వెచ్చటి గుడ్డ, వెచ్చ చేసిన సెలైన్ గంటకు కిలోకు 10 మి.లీ. లెక్కన, ఛాతీ కాస్త ఎత్తులో. దీని పొట్ట పెద్దది, ఛాతీ చిన్నది కాబట్టి వెల్లకిలా సమంగా పడుకోబెడితే పేగుల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది.

ట్రైకోబ్లాస్టోమా లాంటి మంచి కంతికి చుట్టూ అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు మంచి తోలు కలిపి తీస్తే సరిపోతుంది. చెడ్డ కంతికి రెండు మూడు సెంటీమీటర్లు, అడుగున ఒక పొర కండ తొడుగు కూడా పోవాలి. కుందేలు ఒంట్లో అంత జాగా అన్నిచోట్లా దొరకదు. మెడ, భుజం, వీపు మీద తోలు వదులుగా సాగుతుంది. ఆడ కుందేలు గదమ కింది మడత అయితే అడిగినంత ఇస్తుంది. మడమ కింద మాత్రం ఒక సెంటీమీటరు కూడా మిగలదు. అక్కడ గాయాన్ని తెరిచి ఉంచి మానేదాకా కట్లు కట్టడమో, వేలో కాలో తీసేయడమో తప్పకపోవచ్చు. చెవి చివరి కంతికి ఆ భాగాన్నే తీసేయడం అన్నింటికన్నా శుభ్రమైన పద్ధతి. కాకపోతే చెవి నడుమ పెద్ద ధమని ఉంది, దాన్ని ముందే కట్టాలి.

గాటు కంటి ఆకారంలో, వెడల్పుకు మూడు రెట్ల పొడవుతో పడితే కుట్టినప్పుడు మూలల్లో తోలు ముడతలు లేవవు. కంతిని చిమటాతో పట్టుకోకూడదు. పక్కనున్న మంచి తోలును పట్టి లేపుతూ కింద విడదీయాలి. కంతి బయటికి వచ్చాక చేతి తొడుగులు, పనిముట్లు మార్చి అప్పుడు కుట్టు మొదలుపెట్టాలి. మార్చడానికి రెండో జత లేదనే సాకు చెడ్డ కంతి దగ్గర పనికిరాదు.

లోపల ఖాళీ మిగిలితే నీరు చేరుతుంది, కాబట్టి అడుగు పొరలను దగ్గరికి లాగి కుట్టాలి. దారం 4-0 లేదా 5-0 మందం, కరిగే సింథటిక్ రకం: పాలీడయాక్సనోన్, పాలీగ్లెకాప్రోన్ లాంటివి. క్యాట్‌గట్ జంతువు పేగుతో చేసిన దారం. కుందేలు ఒళ్లు దాని మీద తిరగబడి, చుట్టూ గట్టి చీము కట్టుకుంటుంది. కంతి పోయిన చోటే మళ్లీ గడ్డ. పై కుట్టు తోలు లోపలే దాగిపోయేలా వేయాలి. బయటికి కనబడే ముడులను కుందేలు ముందు పళ్లతో రాత్రికి రాత్రే తెంపేస్తుంది.

కోసిన గడ్డను పారేయకండి, అది ఎంత మంచిదిగా కనబడినా సరే. ఫార్మలిన్ ఒక పాలు, నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపిన ద్రావణం ముక్కకు పది రెట్లు ఉండాలి. డబ్బా మూతి వెడల్పుగా ఉండాలి. ఇరుకు మూతి సెలైన్ సీసాలో మెత్తగా దూరిన ముక్క ఫార్మలిన్‌లో గట్టిపడి మళ్లీ బయటికి రాదు, సీసా పగలగొట్టాల్సి వస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టినా పాడే, మంచు ముక్కలు కణాలను చీల్చేస్తాయి. ముక్క తల వైపు అంచుకు ఒక దారం ముడి వేసి, ఆ సంగతి చీటీలో రాయాలి. చీటీ పెన్సిల్‌తో రాయాలి, పెన్ను సిరా ఫార్మలిన్‌లో కరిగిపోతుంది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఫార్మలిన్‌లో సరిగ్గా పెట్టిన ముక్క ఆలస్యమైనా చెడదు.

ఇంటికి వచ్చాక

మొదటి మూడు గంటలు పక్కనే కూర్చోవాలి. పది నిమిషాలకోసారి ఊపిరి, చెవుల వెచ్చదనం చూడాలి. తెల్లటి నూలు గుడ్డ పరిస్తే నెత్తురు చుక్క పడినా కనబడుతుంది. రంపపు పొట్టు పరిస్తే కుట్లలో ఇరుక్కుంటుంది. నొప్పి ఉంటే కుందేలు అరవదు. మూలకు ఒదిగి, కళ్లు సగం మూసి, పళ్లు కటకట కొరుకుతుంది. మెలాక్సికామ్ డాక్టరు రాసినన్ని రోజులు ఆపకుండా ఇవ్వాలి, నొప్పి ఉన్న కుందేలు తినదు.

పన్నెండు గంటల్లో తినడం మొదలుపెట్టకపోతే చేత్తో తినిపించాలి. అది రోజూ తినే గడ్డి గుళికలను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, మెదిపి, సిరంజితో బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా. కిలోకు 10 నుంచి 15 మి.లీ., రోజుకు నాలుగుసార్లు. పాలు, అన్నం, అరటిపండు వద్దు. కడుపు ఉబ్బి డప్పులా బిగిసి ఉంటే బలవంతంగా తినిపించకుండా దవాఖానకు పరిగెత్తాలి. ఇరవైనాలుగు గంటల్లో పెంటికలు పడకపోయినా అంతే.

మెడకు ప్లాస్టిక్ కాలరు తొడిగితే అది తెల్లవారుజామున తన మలద్వారం నుంచి నేరుగా తినే మెత్తటి పెంటికలను అందుకోలేదు. విటమిన్లు, మాంసకృత్తులు దానికి అందులోనే దొరుకుతాయి. లోపలి కుట్టు సరిగ్గా పడితే కాలరు అక్కర్లేదు. యాంటీబయాటిక్ కావాలంటే ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా వాడవచ్చు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా పోస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం తయారుచేసేవి పెరుగుతాయి. విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చే సిరప్ ఇదే అవుతుంది చాలాసార్లు. పైలం.

ఈగ వాలితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. గూటికి దోమతెర కట్టాలి, వెనక భాగం ఉచ్చతో తడవకుండా చూడాలి. కుక్కలకు గోమార్ల కోసం కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే మాత్రం గూటి దగ్గరికి కూడా రానివ్వొద్దు, అది కుందేలును చంపుతుంది. పొగ వేస్తే దాని ఊపిరితిత్తులు తట్టుకోవు.

రిపోర్టు వచ్చేసరికి గాయం మానుతుంటుంది, బొచ్చు ఇంకా మొలిచి ఉండదు. అందులో కంతి పేరుతో పాటు చూడాల్సింది అంచుల మాట, అంటే కోసిన ముక్క అంచుల దాకా కంతి కణాలు ఉన్నాయా లేదా అన్నది. ట్రైకోబ్లాస్టోమా, అంచులు శుభ్రం అని ఉంటే ఇక చేయాల్సింది లేదు. మెలనోమా అయితే అంచులు శుభ్రంగా ఉన్నా మూడు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. స్క్వామస్ సెల్ కార్సినోమా, ఫైబ్రోసార్కోమా అని వచ్చి, అంచుల్లో కణాలు మిగిలాయంటే గడ్డ మళ్లీ లేచేదాకా ఎదురుచూడకూడదు. మానిన గీతనంతా కంతిగానే లెక్కగట్టి, కుందేలు తేరుకోగానే చుట్టూ మళ్లీ కోయాలి. ఏ వైపు ఎక్కువ కోయాలో చెప్పేది ఆ రోజు తల వైపు అంచుకు వేసిన దారం ముడే.